అక్షరక్రీడయు పదజన్మమును

(రాంబిల్లిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)

   

ఈ మహాసభలో విద్యావిషయకముగా నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. ఏండ్లకొలఁది పిల్లలకు శబ్దమంజరియు, అమరమును, వ్యాకరణమును బోధించి విశ్రాంతి గొన్న మావంటివారికి మాటలను గూర్చి తప్ప మఱియేమి చెప్పఁ జేతనగును? కావున మాటలను గూర్చియే చెప్పెదము. అక్షరములను తాఱుమాఱు చేసి యాడుకొను వినోద మొకటి. ఒక మాట యొక భాషనుండి మఱియొక భాషకుఁ బోయి వచ్చిన చరిత్ర యొకటి. ఇవి రెండును జ్ఞానదాయకములే. కాని వీని నడుమ నొక గట్టు కలదు. ఆ గట్టు తెగినచోటనే మన సంఘమువంటి సంఘములకుఁ జిక్కులు కలుగుచున్నవి. అది యెక్కడ నున్నదో చూపుటయే మా యుద్దేశము. శారద యను పేరుగల నది సముద్రమునఁ గలియు సీమలో నివసించు మనము వాక్కును గూర్చి కొంతసేపు విచారించుట యుచితమే గదా.

మొదట వినోదమును జూతము. తెలుఁగునందు ఈ యాటకు మూలము అక్షరము. అనఁగా హల్లును, దానిపై నున్న యచ్చును గూడిన గుణితాక్షరము. ఇంగ్లీషువారు తమ యిరువదియాఱు లిపులను గులకరాళ్ళవలెఁ జెదరఁజల్లి తిరిగి యేఱుకొందురు. మన యక్షరము తన గుణితముతోఁ గూడఁ గదలవలెను. అందుచేత మన యాట కొంచెము కష్టమైనది. కావుననే కొంచెము రుచియైనది. ‘కపి’ని త్రిప్పిన ‘పిక’ మగును. కోఁతి కోయిల యైనది. ‘లత’ తిరిగి ‘తల’ యగును. ‘నదీ’ శబ్దము ‘దీన’ మగును. ‘సదా’ యనునది ‘దాస’ యగును. ‘రాజ’ శబ్దమును వెనుకనుండి చదివినచో ‘జరా’ యని ముసలితన మెదురగును. ‘కమల’ను కదిపినచో ‘కలమ’ యని యొక వరిధాన్యము వచ్చును. మరలఁ గదిపిన ‘మలక’ యని మెలిక వచ్చును. ‘సమాన’ శబ్దములోని యక్షరములే ‘మానస’ శబ్దములో నున్నవి. ఎటు చదివినను మాఱని మాటలు మఱికొన్ని: కనక, జలజ, నవీన, నయన, సరస. తెనాలి రామకృష్ణునికి లోకము పెట్టిన ‘వికటకవి’ యను బిరుదము అట్టిదని బడిపిల్లలందఱు నెఱుఁగుదురు.

ఈ యాటకు మన దేశమున గౌరవము కొఱవడలేదు. బోయ యొకఁడు ‘రామ’ నామమును దాఱుమాఱు చేసి ‘మరా మరా’ యని జపించి వాల్మీకి యయ్యెనను కథ అధ్యాత్మరామాయణమునందుఁ గలదు. ఇందలి చమత్కార మేమనఁగా, ఆ రెండక్షరములను ఎడతెగక పలుకుచుండఁగాఁ బలుకువానికిఁ దెలియకుండనే తప్పుమాట ఒప్పుమాటలోనికిఁ బ్రవహించును. పండితులు పిల్లలకుఁ జెప్పు హెచ్చరిక యొకటి కూడ నీ జాతిలోనిదే. ‘సాక్షరా’ యనఁగా నక్షరజ్ఞానము గలవారు. ఆ మాటను వెనుకనుండి చదివినచో ‘రాక్షసా’ యగును. ‘సరస’ యను మాట మాత్రము ఎటు చదివినను సరసమే. చదువుకొన్నవాఁడు వక్రించినచో నేమగునో దీనికంటెఁ గ్లుప్తముగాఁ జెప్పుట కష్టము.

ఇఁకఁ గవులు దీనిని విద్యగా సాధించిరి. భారవి కిరాతార్జునీయము పదునైదవ సర్గమునను, మాఘుఁడు శిశుపాలవధము పందొమ్మిదవ సర్గమునను ఇట్టి చిత్రకవిత్వమును బ్రదర్శించిరి. పదునాఱవ శతాబ్దమున గోదావరీతీరమందలి పార్థపురమున నుండిన దైవజ్ఞ సూర్యపండితుఁడు రామకృష్ణవిలోమకావ్యమును రచించెను. అందలి శ్లోకములను ముందునుండి చదివిన రామకథ, వెనుకనుండి చదివినఁ గృష్ణకథ. మన పింగళి సూరన యంతకంటె నొక మెట్టు పైకిఁ బోయెను. అతని కళాపూర్ణోదయమునందొక పద్యము ముందునుండి చదివినఁ దెలుఁగు, వెనుకనుండి చదివిన సంస్కృతము. ఒకే యక్షరరాశి యొక వైపు తల్లిభాషయు, మఱియొక వైపు దేవభాషయు నగుట యెంతటి యద్భుతము!

పాశ్చాత్యులును ఈ విద్యయందు వెనుకఁబడినవారు కారు. ఈజిప్టు నేలిన టాలమీ రాజు పేరులోని గ్రీకు లిపులను మార్చి, ‘తేనెనుండి’ యను నర్థము వచ్చునట్లు లైకోఫ్రన్ అను కవి కూర్చెనని చెప్పుదురు. పోషకులను సంతోషపెట్టుట కవుల కన్ని దేశములయందును నిత్యకృత్యమే యని దీనివలనఁ దెలియుచున్నది. 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఆర్థర్ విన్ అను నతఁడు న్యూయార్కు పత్రిక యొకదానిలో గళ్ళలో మాటలు నింపు ప్రహేళికను బ్రకటించెను. దాని సంతతియే మన తెలుఁగు పత్రికలలోని పదబంధప్రహేళికలు. వీనిలో ‘తాఱుమాఱు’ అను సూచన కనఁబడినంతనే మన యిండ్లలోని ముసలివారు కూడఁ గలమును జేతఁబట్టి కూర్చుండుట మీ రెఱుఁగుదురు.

ఇప్పుడొక కథను జెప్పవలెను. 1610లో గెలీలియో పండితుఁడు దూరదర్శకయంత్రముతో శనిగ్రహమును జూచి, యది మూఁడు బింబములుగాఁ గానవచ్చుచున్నదని తెలిసికొనెను. ఇతరు లెవ్వరైనఁ దన కీర్తి నపహరింతురేమోయని, యా సంగతిని లాటిను వాక్యముగా వ్రాసి, దాని లిపులను జెదరగొట్టి, యర్థము లేని యొక వరుసగాఁ బంపెను. కెప్లరు అను మహాజ్యోతిష్కుఁడు ఆ లిపులను మరలఁ గూర్చి, ‘కుజునికి రెండు చంద్రులు గలరు’ అను నర్థమును సాధించెను. లిపులు దాదాపుగాఁ గుదిరినవి, అర్థమును గుదిరినది. కాని గెలీలియో చెప్పినది శనిని గూర్చి. కుజుని గూర్చి కాదు. ఆశ్చర్య మేమనఁగా 1877లో ఆసఫ్ హాల్ అను నతఁడు కుజునికి నిజముగా రెండుపగ్రహములు గలవని కనుఁగొనెను. కెప్లరు పలికినది సత్యమే యయ్యెను. అయినను ఆ సత్యము ఆ లిపులలో లేదు. సోదరులారా! ఈ కథను మనసునం దుంచుకొనుఁడు. అక్షరములు కుదిరినంతమాత్రమున, అర్థము కుదిరినంతమాత్రమున, చివరకు ఫలితము సత్యమైనంతమాత్రమునను, మనము చదివినది మూలమున నున్నదే యని చెప్పఁజాలము.

దీనికి గణితమే సాక్షి. వేఱువేఱక్షరములు గల మూఁడక్షరముల మాటను 6 విధములుగా అమర్పవచ్చును. నాలుగక్షరముల మాటను 24 విధములుగాను, అయిదక్షరముల మాటను 120 విధములుగాను, ఆఱక్షరముల మాటను 720 విధములుగాను అమర్పవచ్చును. ఇంక నొక గుణితమును మార్చుటకును, ఒక యొత్తును దీయుటకును, ఒక సున్నను జేర్చుటకును అనుమతి యిచ్చినచో నా సంఖ్యకు మేర యుండదు. ఇన్ని యమరికలలో నొకటి యే ఋషిపేరునకో, యే రాజుపేరునకో సరిపోవుట వింత కాదు, సరిపోకుండుటయే వింత.

అట్లయిన మాటలు నిజముగా నెన్నఁడును దాఱుమాఱు కావా? అగును. ఇదియే మా యుపన్యాసమునఁ గీలకమైన భాగము. మన ప్రాచీనులు దీనిని వర్ణవ్యత్యయమనిరి. యాస్కుఁడు నిరుక్తమునందు మొదటి యక్షరమును దుది యక్షరమును స్థానములు మార్చుకొను మాటల నుదాహరించెను. పతంజలి మహాభాష్యమున ‘హింస’నుండి ‘సింహ’ శబ్దమును, ‘కృత్’ ధాతువునుండి కదురను నర్థముగల ‘తర్కు’ శబ్దమును, ‘కస్’ ధాతువునుండి యిసుక యను నర్థముగల ‘సికతా’ శబ్దమును వర్ణవ్యత్యయముచే సాధించెను. సింహమునకు హింస స్వభావము గనుక నీ వ్యుత్పత్తి విద్యార్థి మనసున నాటుకొనును. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు దీనిని జరిత్రగా నంగీకరింపరు. జ్ఞాపకమునకుఁ జక్కని యుపాయముగా మాత్రము గ్రహింతురు.

చరిత్రచే ధ్రువపడిన వ్యత్యయములు వేఱుగాఁ గలవు. పండ్రెండవ శతాబ్దమువాఁడైన హేమచంద్రుఁడు తన ప్రాకృతవ్యాకరణమున ‘వారాణసి’ యందు రేఫణకారములు తాఱుమారగునని చెప్పెను. ఆ ‘వాణారసి’యే జనుల నోటఁ బనారసై, బనారస్ అయ్యెను, 1956లోఁ బ్రభుత్వమువారు మరల వారాణసి యనిరి. ‘మహారాష్ట్ర’ శబ్దము ‘మరహట్ఠ’ యగుటయు నట్లే. మన మరాఠా శబ్దము దాని సంతతి. పండితుల మాట యటుండనిండు. రైలుబండి వచ్చిన తరువాత మన పల్లెలవారు ‘సిగ్నలు’ను ‘సింగలు’ అనిరి. బడిపిల్లలు ‘డెస్కు’ను ‘డెక్సు’ అనిరి. వారు తప్పు పలుకుచున్నారని దండించు నుపాధ్యాయుఁడు, హేమచంద్రుఁడు సూత్రీకరించిన ధర్మమే తన తరగతిలోఁ బ్రవర్తిల్లుచున్నదని తెలిసికొనవలెను.

ఇంతకంటె గొప్ప వ్యత్యయము మన మాతృభాష యెముకలలోనే యున్నది. అరవము వారు ‘ఇరణ్డు’ అందురు. మనము ‘రెండు’ అందుము. వారికి ‘ఉరల్’, మనకు ‘రోలు’. వారికి ‘ఇరవు’; మనకు ‘రేయి’. వారికి ‘అవన్’, ‘ఇవన్’. మనకు ‘వాఁడు’, ‘వీఁడు’. వారికి ‘ఉళ్’, మనకు ‘లో’. వారికి ‘మరమ్’, మనకు ‘మ్రాను’. చూచితిరా? ముందున్న యచ్చు వెనుకకుఁ బోయినది, వెనుకనున్న హల్లు ముందునకు వచ్చినది. మూలద్రావిడమునందు మాట మొదట రేఫగాని లకారముగాని యుండెడిది కాదు. అందుచేతనే అరవమున రాముఁడు కూడ ‘ఇరామన్’ అని వ్రాయఁబడుట కలదు. తెలుఁగువారి నాలుక యా కట్టును దాఁటినది. ఇది యొక మాటకు జరిగినది కాదు. ఒక వరుసలోని మాటల కన్నిటికిని జరిగినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928–2012) తెలుఁగు ధాతువులపై 1961లోఁ బ్రకటించిన గ్రంథమున నిట్టి ధ్వనిపరిణామములను సవిస్తరముగాఁ బరిశీలించిరి. అంతకుముందే 1816లో ఎల్లిసు దొర, చెన్నపట్టణపుఁ గళాశాలలోని పట్టాభిరామశాస్త్రిగారి ధాతుమాల నాధారముగాఁ గొని, తెలుఁగు సంస్కృతజన్యము కాదనియు, అరవ కన్నడములకు సోదరి యనియు నిరూపించెను. మేము సంస్కృతము చదివినవారము. ఆ భాషయందు మాకు మాతృభావము కలదు. అయినను సత్యము సత్యమే.

ఇఁక మాటల ప్రయాణమును జూతము. మన జిల్లాకేంద్రమైన అనకాపల్లి బెల్లమునకుఁ బేరొందినది. ‘బెల్లము’ మన దేశ్యపదము. కన్నడమున ‘బెల్ల’, అరవమున ‘వెల్లమ్’. కాని దానినే ఇంగ్లీషువారు ‘జాగరీ’ యందురు. అది యెక్కడిది? సంస్కృతమున ‘శర్కర’ యనఁగా మొదట గులకరాయి, మొరము. పిదప ఆ రూపముగల తియ్యని పలుకు. ఆ శబ్దము పడమటి కోస్తాలోని భాషలనుండి పోర్చుగీసువారి నోటఁ బడి ‘జాగర’ యైనది; వారినుండి ఇంగ్లీషువారికిఁ జేరి ‘జాగరీ’ యైనది. అదే శబ్దము ప్రాకృతమున ‘సక్కర’ యై, మన కడకు ‘చక్కెర’గా వచ్చినది, పారసీకమున ‘షకర్’ అయి, అరబ్బీలో ‘సుక్కర్’ అయి, ఐరోపాకుఁ బోయి ‘షుగర్’ అయినది. గ్రీకువారు ‘సక్ఖరోన్’ అనిరి. దానినుండి 1879లోఁ గనుఁగొనఁబడిన కృత్రిమ మధురద్రవ్యమునకు ‘శాకరిన్’ అని పేరు వచ్చినది. ఇక్కడఁ గూర్చున్న పెద్దలలో షుగరుజబ్బు గలవారు చక్కెర మాని శాకరిన్ వాడుచుందురు. వారికి మేము చెప్పునది యేమనఁగా: జబ్బును శర్కరయే, మానినదియు శర్కరయే, దానికి మాఱుగా వాడునదియు శర్కరయే! అట్లే ‘ఖండ’ శబ్దము పారసీకమున ‘కంద్’ అయి, ఇంగ్లీషున ‘కాండీ’ యై, మన పిల్లలు దుకాణములోఁ గొను మిఠాయి యైనది.

అల్లపు కథ మఱింత బోధకము. అరవమున అల్లమునకు ‘ఇంజి’ యని పేరు. ‘వేర్’ అనఁగా వేరు. ఈ దక్షిణాది మాట యుత్తరమునకుఁ బోయి, సంస్కృతమున ‘శృంగవేర’ మయ్యెను, శృంగబేరమనియుఁ గలదు. శృంగమనఁగాఁ గొమ్ము, బేరమనఁగా శరీరము. కొమ్మువంటి శరీరము గలది గనుక శృంగబేరమని పండితులు వ్యుత్పత్తి చెప్పిరి. అల్లపుఁ గొమ్మును జూచిన నది యెంతో సముచితముగాఁ దోఁచును. కాని యా యర్థము మాట వచ్చిన తరువాత కల్పింపఁబడినది. శబ్దము పడమటికిఁ బోయి గ్రీకున ‘జింగిబెరిస్’, ఇంగ్లీషున ‘జింజర్’ అయినది. మనము చేతఁబట్టు ‘కలము’ ఎదురు దిశగా వచ్చినది. గ్రీకుభాషలో ‘కాలమోస్’ అనఁగా ఱెల్లు, అరబ్బీలో ‘ఖలమ్’, అక్కడనుండి మన కలము, కలంకారియు వచ్చినవి. ఇందాక మేము చెప్పిన ‘కలమ’ యను వరిధాన్యమును జూచి, రెండు నొకటేయని తొందరపడరాదు. సామ్యము వేఱు, సంబంధము వేఱు.

మన సముద్రతీరపు మాటలను మఱవవలదు. దుంగలను గట్టి చేసిన తెప్పకు అరవమున ‘కట్టుమరమ్’ అని పేరు. అదియే ఇంగ్లీషున ‘కాటమరాన్’ అయి, నేఁడు ప్రపంచమందలి నౌకాశ్రయములన్నిట వినవచ్చుచున్నది. ‘కట్టు’ మనదే, ‘మరమ్’ మన మ్రాను తోఁబుట్టువే. పడవవాఁడు పట్టు ‘చుక్కాని’ మాత్రము అరబ్బీ ‘సుక్కాన్’నుండి వచ్చినది. తెప్ప మనది యిచ్చితిమి, చుక్కాని వారిది పుచ్చుకొంటిమి. సముద్రమునందు ఇచ్చిపుచ్చుకొనుట లేనిదే జీవనము లేదు.

ఇఁక మన యింటి ముంగిటనున్న యుదాహరణము. అనకాపల్లి సమీపమున శంకరము అను గ్రామము కలదు. శంకరుఁడనఁగా శివుఁడు. ప్రక్కనున్న కొండలలో నొకటి లింగాలకొండ. రెండవది బొజ్జన్నకొండ, బొజ్జ యనఁగానే మనకు వినాయకుఁడు తోఁచును. అక్షరమును మాత్రమే సాక్షిగాఁ బిలిచినచో నిది శైవక్షేత్రమని యే న్యాయస్థానమైనను దీర్పు చెప్పును. కాని 1907–08లో అలెగ్జాండరు రీ దొర యచ్చటఁ ద్రవ్వకములు జరిపించెను. కొండను దొలిచిన గుహలును, స్తూపములును, విహారముల యిటుక గోడలును బయల్పడినవి. అది బౌద్ధుల సంఘారామము. ‘సంఘారామము’ జనుల నోట నఱిగి ‘శంకరము’ అయ్యెననియు, బుద్ధుని పేరే ‘బొజ్జన్న’ యయ్యెననియు, వరుసలుగాఁ జెక్కిన ఱాతిస్తూపములు లింగములవలెఁ గానవచ్చుటచే ‘లింగాలకొండ’ యయ్యెననియుఁ బండితులు నిర్ణయించిరి. ఇందెవ్వరును మోసము చేయలేదు. అర్థము మఱుఁగుపడిన పేరునకు జనులు తమకుఁ దెలిసిన యర్థమును దొడిగిరి. దిగంబరముగా నున్న బాటసారికి వస్త్రమిచ్చినట్లు, అర్థహీనముగాఁ దోఁచిన మాటకు అర్థమిచ్చుట లోకస్వభావము. కాని యా వస్త్రమును జూచి బాటసారి కులగోత్రములను నిర్ణయింపరాదు.

కావున నొక మాట పుట్టుకను నిర్ణయించుటకు మూఁడు సాక్ష్యములు కావలెనని మా మతము. మొదటిది ధ్వని: ఆ మార్పు ఆ యొక్క మాటలోనే కాక, తత్సమానములైన పెక్కు మాటలలోఁ గానరావలెను, రెండు, రోలు, రేయి యను వరుస యట్టిది. రెండవది యర్థము: ప్రాఁతయర్థమునుండి క్రొత్తయర్థమునకు మెట్లుండవలెను, గులకరాయినుండి చక్కెర పలుకునకున్నట్లు. మూఁడవది చరిత్ర: శాసనమో, త్రవ్వకమో, వర్తకమార్గమో సాక్ష్యమీయవలెను, శంకరమున కిటుక సాక్ష్యమిచ్చినట్లు. ఈ మూఁడును గలిసినపుడు వ్యుత్పత్తి. ఒక్కటియు లేనపుడు ప్రహేళిక.

ఇఁక మన సంగతి. సంఘముల సంచికలలో నింటిపేళ్ళకును, కులనామములకును వ్యుత్పత్తులు వ్రాయుట పరిపాటి యయినది. ఒక యక్షరమును దీసి, యొకదానిని ముందునకు జరిపి, ఋషినో చక్రవర్తినో రప్పింతురు. ఇది తీయని పని; కాని నిరపాయకరమైనది కాదు. మా యెఱుకలోనే రెండు కుటుంబముల నడుమ దాదాపుగా నిశ్చయమైన సంబంధ మొకటి యిట్టి వ్యుత్పత్తివలనఁ దప్పిపోయినది. ఒక యింటివారు తమ యింటిపేరు ఋషినామభవమని కరపత్రము వేయించిరి. ఆ లెక్కను రెండవ యింటివారు తమకుఁ దక్కువవారని నిశ్చయించుకొనిరి. నిజమునకు ఆ రెండిండ్లపేళ్ళును రెండు పల్లెల పేళ్ళే. తాతముత్తాతలు వలస వచ్చిన యూళ్ళవి. ఆ పిల్లకుఁ దరువాత వేఱొకచోట వివాహమైనది. కాని యా రెండు కుటుంబములును ఈనాఁటికిని ఒక పంక్తిని గూర్చుండవు. నాలుగక్షరముల తాఱుమాఱు రెండిండ్లను దాఱుమాఱు చేసినది. పోషకమహాశయులు ద్రవ్యమిచ్చి యచ్చొత్తించు సంచికలో నిట్టి వ్రాఁతలకుఁ జోటీయరాదని మా విన్నపము. వంశగౌరవము పేరులోని యక్షరములలో దాఁగియుండునది కాదు. పేరు మోయువాని నడవడిలో నుండునది.

దీనికి మాఱుగా మనము గర్వింపఁదగిన ధనము మన నాలుకపైననే యున్నది. దానిని జూచి మనము సిగ్గుపడుచున్నాము. మా శిష్యుఁడొకఁడు, ఈ ప్రాంతపు బాలుఁడు, చదువులో మొదటివాఁడు, పట్టణమునందొక విద్యాలయమునఁ జేరెను. ఒకనాఁడు తోడివానిని ‘బేగి రా’ యని పిలిచెను. తరగతి యంతయు నవ్వెను, బోధించువారును నవ్విరఁట. సెలవులకు వచ్చినపుడు ఆ బాలుఁడు తల్లితోఁ గూడ నాలుగు మాటలకంటెఁ బలుకుట మానివేసెను. ఆమె ‘బేగి’ యన్నప్పుడెల్ల ముడుచుకొనిపోవుచుండెను. ఆమె మా యొద్దకు వచ్చి, “మా మాట అంత తప్పుమాటా, పంతులుగారూ?” యని యడిగినది.

మేము బాలునిఁ బిలిచి యిట్లు చెప్పితిమి. నాయనా! ‘బేగి’ యనునది ‘వేగ’ శబ్దము. వకారము బకారమగుట ఒడియా, బంగాళీ భాషలలో నిత్యము; మన సీమ కళింగపు సరిహద్దు సీమ. తులసీదాసు రామచరితమానసమున ‘బేగి’ యనియే పలుమాఱు వాడెను. గోస్వామి నోట నొప్పిన మాట మీ యమ్మ నోటఁ దప్పగునా? నవ్వినవారు పలుకు ‘తొందర’యు మంచి మాటయే, మీ ‘బేగి’యు మంచి మాటయే. ఒకటి తెలిసినవాని కంటె రెండును దెలిసినవాఁడు ధనవంతుఁడు. ఆ బాలుఁ డిపు డుద్యోగములో నున్నాఁడు. తల్లితో దూరవాణిలో మాటలాడునపుడు ‘బేగి’ యని యనుచున్నాఁడని యామె మాకుఁ జెప్పినది. మా యేండ్ల యుద్యోగమున మాకు లభించిన బహుమానములలో నిది యొకటి.

కావున ఈ మహాసభకు మేము మూఁడు కార్యములను సూచించుచున్నాము. మొదటిది: సంఘవ్యయముతో నొక పదసంపుటమును బ్రారంభింపవలెను. మన గ్రామములలోఁ జెఱకుగానుగ యొద్దను, బెల్లపుఁ బెనము యొద్దను, సముద్రతీరమునఁ దెప్పల యొద్దను, మగ్గముల యొద్దను జీవితము గడిపిన వృద్ధులు గలరు. గానుగలు మూలఁబడుచున్నవి; తెప్పలకు యంత్రములు వచ్చినవి; తీరమున క్రొత్త కర్మాగారములు లేచినవి. పని పోయినవెంటనే పనిముట్టు పేరును బోవును. ఆ వృద్ధునితోఁ గూడఁ జితికిఁ బోవు మాటలను మరల సంపాదింపలేము. మన యున్నతపాఠశాలల విద్యార్థులు ఒక్కొక్కరు సెలవులలో నిరువదేసి మాటలు, వానిని బలికిన గ్రామము, వాడుక వాక్యము, అర్థము వ్రాసికొని వచ్చినచో, ఋషులను వెదకనక్కఱలేని నిజమైన వంశచరిత్ర మనకు లభించును.

రెండవది: పిల్లలకు అక్షరక్రీడలయందుఁ బ్రతివర్షమును బహుమానములు పెట్టవలెను. వినోదము వినోదముగా నున్నంతకాలము అది బుద్ధికి సానఱాయి. ‘సమాన’నుండి ‘మానస’మును గనిపెట్టిన పిల్లవాఁడు తన భాషను బ్రేమింప నేర్చుకొనును. మూఁడవది: సంచికలోఁ బ్రకటించు ప్రతి వ్యుత్పత్తికిని పైఁజెప్పిన మూఁడు సాక్ష్యములను గోరవలెను. ఇందు వ్రాయువారికిఁ గొంత శ్రమ. సంఘమునకుఁ జాల శాంతి.

చివరగా నొక మాట. మనము కూడియున్న యీ ‘సంఘము’ అను శబ్దము ‘హన్’ ధాతువునుండి పుట్టినది. హన్ అనఁగాఁ గొట్టుట. ఆ ధాతువునకు ముందు ‘సమ్’ అను నుపసర్గ చేరఁగానే, దెబ్బ యనునది కూడికయై, సమూహార్థమున ‘సంఘ’ శబ్దమగునని పాణిని సూత్రించెను. ఈ వ్యుత్పత్తి తాఱుమాఱు కాదు, వ్యాకరణసిద్ధము. సంఘమునుండి ‘సమ్’ తొలఁగిపోయినచో మిగులునది దెబ్బయే. ఆ ‘సమ్’ను గాపాడుకొనుట అధ్యక్షులయొక్కయు, పోషకులయొక్కయు, మనయందఱియొక్కయు విధి.